నానోబాడీలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నానోబాడీ అంటే నానోటెక్నాలజీతో చేసే కణం.

కాదు, ప్రోటీనే. ఒంటె, లామా, అల్పాకాల రక్తంలో మామూలు యాంటీబాడీలతో పాటు తేలిక గొలుసులు (యాంటీబాడీలోని చిన్న ప్రోటీన్ గొలుసులు) లేనివీ ఉంటాయని బ్రస్సెల్స్‌లో రేమండ్ హామర్స్ బృందం 1993లో ప్రకటించింది. వాటిలో యాంటిజెన్‌ను, అంటే యాంటీబాడీ గుర్తించే పదార్థాన్ని, పట్టుకునే కొసభాగమే నానోబాడీ. బరువు సుమారు 15 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు కొలమానం). మామూలు యాంటీబాడీ 150 ఉంటుంది.

అపోహ: చిన్నది కాబట్టి మందుగా ఇంకా మేలు.

ఏ పనికి అన్నదే అసలు ప్రశ్న. సుమారు 60 కిలోడాల్టన్ల కన్నా చిన్న ప్రోటీన్లను మూత్రపిండాలు వడకట్టేస్తాయి, కాబట్టి ఒంటరి నానోబాడీ రక్తంలో కొద్ది గంటలు కూడా నిలవదు. ఎక్కువకాలం ఉండాలంటే ఆల్బుమిన్‌ను (రక్తంలోని ఒక ప్రోటీన్) పట్టుకునే మరో నానోబాడీని జోడించాలి. జపాన్‌లో 2022లో కీళ్లవాతానికి అనుమతి పొందిన ఒజొరాలిజుమాబ్ అనే మందులో చేసింది ఇదే. రేడియోధార్మిక పదార్థం ఒంట్లో ఎక్కడ చేరిందో చూపే పెట్ స్కాన్‌లో మాత్రం ఈ తొందరే కలిసొస్తుంది. నానోబాడీకి తగిలించే రేడియోధార్మిక గాలియం-68 అర్ధాయువు (సగానికి తగ్గే సమయం) 68 నిమిషాలు. ఆలోపు రక్తం శుభ్రపడి క్యాన్సర్ గడ్డ విడిగా కనబడుతుంది. అయితే రేడియోధార్మికత మూత్రపిండాల్లో పేరుకుంటుంది. శుద్ధి చేయడానికి ప్రోటీన్‌కు తగిలించే హిస్టిడిన్ ట్యాగ్ తీసేస్తే అది కొంత తగ్గుతుంది, కాబట్టి ట్యాగ్ లేని రూపాన్ని మొదటి నుంచే తయారుచేసుకోవడం మంచిది.

అపోహ: జంతువుకు ఇంజెక్షన్లిస్తే మంచి నానోబాడీ దానంతటదే దొరుకుతుంది.

సాధారణంగా వారానికొకటి చొప్పున ఆరు డోసులు, ఒక్కోదానిలో సుమారు 100 మైక్రోగ్రాముల యాంటిజెన్ ఇస్తారు. చివరి డోసు తర్వాత కొద్ది రోజులకు 50-100 మిల్లీలీటర్ల రక్తం తీసి, లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఆర్‌ఎన్‌ఏ నుంచి యాంటీబాడీ జన్యువులను పీసీఆర్‌తో పెంచుతారు. జెల్‌లో 700 బేస్‌ల పట్టీనే కోసుకోవాలి. 900 దగ్గరది మామూలు యాంటీబాడీలది. అది కలిస్తే లైబ్రరీ, అంటే ఆ జన్యువుల సేకరణ, పాడవుతుంది.

ఫేజ్ ప్యానింగ్‌లో, అంటే నానోబాడీలను పైన మోసే వైరస్‌ల్లోంచి యాంటిజెన్‌ను పట్టుకునేవాటిని ఏరే దశలో, అసలు తంటా మొదలవుతుంది. యాంటిజెన్‌ను ప్లాస్టిక్ ప్లేటుకు నేరుగా అంటిస్తే దాని మడత చెడిపోవచ్చు. అప్పుడు చెడిన ఆకారాన్ని పట్టుకునే క్లోన్లు (ఒక్కో రకం నానోబాడీ) గెలుస్తాయి, అవి రోగి నమూనాలో పనిచేయవు. బయోటిన్ (ఒక విటమిన్) తగిలించిన యాంటిజెన్‌ను ద్రావణంలోనే వాడి, ఒక రౌండుకు స్ట్రెప్టావిడిన్, తర్వాతిదానికి న్యూట్రావిడిన్ (రెండూ బయోటిన్‌ను గట్టిగా పట్టే ప్రోటీన్లు) పూసలతో లాగండి. లేకపోతే పూసలకే అతుక్కునేవి మిగులుతాయి. రెండు మూడు రౌండ్లు చాలు. మించితే బాగా అంటేవి కాక, వేగంగా పెరిగేవి మిగులుతాయి. జంతువే లేకుండా సింథటిక్ లైబ్రరీలతోనూ ఈ పని చేయొచ్చు.

అపోహ: మరిగించినా చెడదు.

చాలావాటి మడత 60-80 డిగ్రీల మధ్యే విడిపోతుంది. చల్లారాక కొన్ని తిరిగి సరిగ్గా ముడుచుకుంటాయి, కొన్ని ముడుచుకోవు. ప్రతి క్లోన్‌నూ విడిగా పరీక్షించాలి.

అపోహ: ర్యాపిడ్ టెస్టు గీతలో యాంటీబాడీ బదులు నానోబాడీ వేస్తే సరి.

ఇంత చిన్న ప్రోటీన్ టెస్టు పట్టీలోని నైట్రోసెల్యులోజ్ పొరకు అతుక్కున్నప్పుడు, పట్టుకునే ముఖమే కిందికి పడి మూసుకుపోవచ్చు. లైసిన్లకు (ప్రోటీన్‌లోని ఒక రకం అమైనో ఆమ్లం) బయోటిన్ తగిలించినా అదే ప్రమాదం, ఆ ముఖంలోనే లైసిన్ ఉండొచ్చు. ప్రోటీన్ గొలుసు చివర, అంటే సీ-కొస, ఆ ముఖానికి దూరంగా ఉంటుంది. బయోటిన్‌నో, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్నో అక్కడ పెట్టండి.

అపోహ: మన రోగనిరోధక వ్యవస్థ దీన్ని పట్టించుకోదు.

కొందరి రక్తంలో నానోబాడీ సీ-కొసను గుర్తించే యాంటీబాడీలు ముందే ఉంటాయి. నాలుగు నానోబాడీ ముక్కలు కలిపిన టీఏఎస్266 అనే క్యాన్సర్ మందు ట్రయల్‌లో నలుగురిలో ముగ్గురి కాలేయం దెబ్బతినడంతో దాన్ని ఆపేశారు. ఈ యాంటీబాడీలే కారణమని భావించారు. సీ-కొసకు అలనైన్ అనే అమైనో ఆమ్లం ఒకటి చేర్చితే ఈ బంధం చాలావరకు తగ్గుతుంది. మనిషి ప్రోటీన్‌లా మార్చే ఉత్సాహంలో 37, 44, 45, 47 స్థానాల్లోని అమైనో ఆమ్లాలన్నీ ఒకేసారి ముట్టుకోవద్దు. కరిగే గుణం పోయి, ప్రోటీన్ గుంపుకడుతుంది. ఒక్కో మార్పు తర్వాత బంధన బలాన్నీ, కరిగే గుణాన్నీ మళ్లీ కొలవాలి.