కావలి కోర్టులో చేట గీత

కావలిలో నేను చదివిన స్కూలు వెనకాల సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఒకటుంది. రింగులకు నెట్ ఉండదు. రింగు కింద పసుపు పెయింటుతో గీసిన గడి మాత్రం ఇంకా కనబడుతుంది. అది అచ్చం చేటలా ఉంటుంది: ఫ్రీ త్రో గీత (ఫౌల్ అయ్యాక అడ్డు లేకుండా షాట్ వేసే చోటు) దగ్గర వెడల్పు 3.6 మీటర్లు, బేస్‌లైన్ (రింగు వెనక కోర్టు చివరి గీత) దగ్గరకొచ్చేసరికి 6 మీటర్లు. టీవీలో మ్యాచ్‌లు చూసే పిల్లలు, "ఇదేందన్నా, ఇట్టా వంకరగా గీశారు?" అంటారు.

వంకరేం కాదు. 1956 నుంచి 2010 దాకా బాస్కెట్‌బాల్ అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమం అదే. 2010లో చేట పోయి దీర్ఘచతురస్రం వచ్చింది, త్రీ పాయింట్ గీత (దాని అవతల నుంచి బంతి వేస్తే మూడు పాయింట్లు) రింగు నుంచి 6.25 మీటర్ల దూరంలో ఉండేది, 6.75 మీటర్లకు జరిగింది. ఆ కబురు మా కోర్టుకు చేరలేదు. చేరినా పెయింటు డబ్బా ఎవరు కొనాలి?

ఆట పుట్టింది 1891లో, అమెరికాలోని ఒక వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో. అంతర్జాతీయ పెత్తనం మాత్రం 1932లో జెనీవాలో ఎనిమిది దేశాలు కలిసి పెట్టుకున్న ఫిబాది. ఆ ఎనిమిదిలో అమెరికా లేదు! ఫిబా పేరు చివరి 'ఏ' మొదట్లో అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడనివాళ్లు) అనే మాటకు గుర్తు. 1989లో ప్రొఫెషనల్స్‌కు, అంటే డబ్బు తీసుకుని ఆడేవాళ్లకు తలుపు తీశాక ఆ మాట పోయింది, అక్షరం ఉండిపోయింది, మా పసుపు గీతలాగే.

మన దేశం ఫిబాలో చేరింది 1936లో. ఇప్పటి జాతీయ సమాఖ్య 1950లో ఏర్పడింది. ఇన్నేళ్లలో మన జట్టు ఒలింపిక్స్‌లో ఆడింది ఒక్కసారే, 1980లో మాస్కోలో. అదీ చాలా దేశాలు బహిష్కరించడంతో ఖాళీ దొరికి. ఒక్క మ్యాచ్ గెలవలేదు, పన్నెండు జట్లలో పన్నెండో స్థానం.

నన్ను ఎక్కువగా కదిలించింది 2014. చైనాలోని వుహాన్‌లో ఫిబా ఆసియా కప్ పోటీలు. తలకు ఏమీ కట్టుకోకూడదన్న నియమం చూపించి మన సిక్కు ఆటగాళ్ల చేత తలపాగాలు తీయించారు. అదే టోర్నీలో మనవాళ్లు చైనాను వాళ్ల గడ్డ మీదే 65-58తో ఓడించారు. ఫిబా ఆ నియమం మార్చడానికి 2017 వచ్చింది.

మొన్న ఎవరో తాడు పట్టి, సుద్దపొడితో 6.75 కొలిచి మా కోర్టులో కొత్త గీత గీశారు. కోర్టు వెడల్పు 14 మీటర్లే కావడంతో మూలల్లో జానెడు జాగా మిగిలింది. అక్కడ నిలబడి షూట్ చేస్తే మడమ సైడ్‌లైన్ తొక్కుతుంది. ఇప్పుడు పాత 6.25 గీత, కొత్త 6.75 గీత రెండూ ఉన్నాయి. ఏ గీత అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లో తేలక సాయంత్రాలు సగం ఆట, సగం తగువు.