కొట్టు పేరు, బ్యాంకు అప్పు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మీలో కొందరు ఇప్పుడిప్పుడే సంపాదనలో పడ్డారు, మిగిలినవారు ఒకటి రెండేళ్ళలో పడతారు. జీతం చేతికి రావడం మొదలైన కొద్ది రోజులకే, ఏదో ఒక పెద్ద కొట్టులో బిల్లు కట్టే కౌంటరు దగ్గర, "మా క్రెడిట్ కార్డు తీసుకుంటే ఈ బిల్లు మీద పది శాతం తగ్గుతుందండీ, రెండు నిమిషాల పని" అని మిమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ రెండు నిమిషాల్లో మీరు ఒప్పుకునేది ఏమిటో ముందుగానే తెలిసి ఉండాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చాలా ఏళ్ళు ఒక కొట్టులో పద్దులు చూసినవాణ్ణి కనుక, కౌంటరుకు అటువైపు సంగతులు కూడా కొంత తెలుసు.

అలాంటి కార్డు ఎప్పుడైనా చేతికి వస్తే ముందు దాన్ని తిప్పి చూడండి. ముందువైపు కొట్టు పేరు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తరచుగా వెనకవైపు, అడుగున, కళ్ళజోడు సవరించుకుంటే తప్ప చదవలేనంత చిన్న అక్షరాలలో, కార్డు జారీ చేసిన బ్యాంకు పేరో ఫైనాన్స్ కంపెనీ పేరో ఉంటుంది. సాధారణంగా మీకు అప్పు ఇచ్చేది ఆ రెండో పేరుగల సంస్థ. వడ్డీ లెక్కకట్టేదీ, ఆలస్యమైతే రుసుము వేసేదీ, మీరు అప్పులు ఎలా తీరుస్తున్నారో చూపే క్రెడిట్ నివేదికలో మంచో చెడో రాయించేదీ అదే. కొట్టు మూతపడినా మీ బాకీ మూతపడదు. కొట్టువాళ్ళు ఎంత మర్యాదస్తులైనా, ఈ కార్డు విషయంలో మీ లావాదేవీ బ్యాంకుతోనే అని గుర్తుంచుకుంటే సగం సంగతి అర్థమైనట్టే.

పూర్వం ఇలా ఉండేది కాదు. పంతొమ్మిదవ శతాబ్దం చివర అమెరికాలోని పెద్ద పెద్ద దుకాణాలు తమకు నమ్మకమైన ఖాతాదారులకు ఖాతా నంబరు చెక్కిన లోహపు బిళ్ళలు ఇచ్చేవి. ఆ బిళ్ళ చూపితే సరుకు పద్దు మీద ఇచ్చేవారు, ఆ పద్దు రాసుకునేది కూడా దుకాణమే. అంటే అరువు కార్డుకు పుట్టిల్లు కొట్టేగాని బ్యాంకు కాదు. ఒకే కార్డును వేర్వేరు వ్యాపారుల దగ్గర చూపించే పద్ధతి 1950లో కార్డుల సంస్థ డైనర్స్ క్లబ్‌తో ప్రాచుర్యంలోకి వచ్చింది. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణవాసులకు తన కార్డులను టపాలో పంపింది. తరవాత వీసా కార్డుగా మారినది ఆ కార్డే. క్రమంగా కొట్లు కూడా అప్పులు వసూలు చేసుకునే తలనొప్పిని బ్యాంకులకు అప్పగించి, పేరును మాత్రం తమదిగా ఉంచుకున్నాయి.

ఈ కార్డులు రెండు రకాలు. ఒకటి ఆ కొట్టులోనూ దాని శాఖల్లోనూ తప్ప ఇంకెక్కడా చెల్లదు. రెండోదాని మీద కొట్టు పేరుతోపాటు వీసా, మాస్టర్‌కార్డ్ వంటి గుర్తు కూడా ఉంటుంది కనుక ఎక్కడైనా చెల్లుతుంది. మొదటి రకం కొంచెం సులువుగా దొరుకుతుంది, వాడుకోగల అప్పు పరిమితి తక్కువగా ఉంటుంది, వడ్డీ మాత్రం మామూలు కార్డుల కన్నా తరచుగా ఎక్కువే. పరిమితి తక్కువైతే నష్టమేముందని మీరు అడగవచ్చు. 10,000 పరిమితిలో 8,000 వాడితే మీ అప్పుల తీరుకు మార్కులు వేసే క్రెడిట్ స్కోరు లెక్కించేవారికి మీరు పీకల దాకా అప్పులో ఉన్నట్టు కనిపిస్తారు. అదే 8,000 ఒక లక్ష పరిమితిలో వాడితే వాళ్ళు పట్టించుకోరు. పరిమితిలో ముప్ఫై శాతానికి లోపు వాడటం మంచిదని సాధారణంగా చెబుతారు, నా అభిప్రాయమూ అదే.

ఎంచుకునే ముందు ఒక కాగితం తీసుకుని చిన్న లెక్క వేయండి. కొట్టు కార్డు ఆ కొట్టులో 5 శాతం వెనక్కి ఇస్తుందనీ, ఏడాదికి 500 రుసుము ఉందనీ, మీ దగ్గర అప్పటికే ఉన్న కార్డు ఎక్కడ కొన్నా 1 శాతం ఇస్తుందనీ అనుకుందాం. కొత్త కార్డు వల్ల అదనంగా దక్కేది 4 శాతమే. ఆ 500 రుసుము గిట్టుబాటు కావాలంటేనే ఏడాదికి 12,500 విలువైన సరుకు ఆ ఒక్క కొట్టులో కొనాలి. అక్కడి నుంచి లాభం మొదలవుతుంది. గత ఏడాది అక్కడ మీరు నిజంగా ఎంత కొన్నారో పాత బిల్లులు చూసి చెప్పండి, ఊహించి చెప్పకండి, ఎందుకంటే కార్డు ఉంది కదా అని కొనబోయే సరుకును కూడా లెక్కలో కలుపుకుంటే ఏ కార్డైనా లాభసాటిగానే కనిపిస్తుంది. పాయింట్ల రూపంలో ఇచ్చేవాళ్ళయితే, ఒక పాయింటు విలువ ఎంత, ఎన్నాళ్ళకు మురిగిపోతుంది, అవి మళ్ళీ ఆ కొట్టులోనే ఖర్చుపెట్టాలా అన్నవి కూడా అడగండి.

ఇక దరఖాస్తు. నేను ఖచ్చితంగా చెప్పగలిగిన ఒకే మాట, కౌంటరు దగ్గర దరఖాస్తు చేయకండి. మీ ముందు నిలబడి నవ్వుతూ ఫారం చాపే అమ్మాయికి రోజుకు ఇన్ని కార్డులు అంటగట్టాలని పైవాళ్ళు లెక్క పెట్టి ఉంటారు, పాపం ఆమె తప్పేమీ లేదు. మీ వెనక వరసలో పది మంది ఉంటారు, చేతిలో సంచులు ఉంటాయి, ఫోను నంబరు అడిగితే చెబుతారు, ఫోనుకు ఓటీపీ వస్తే అదీ పైకి చదివేస్తారు. ఆ ఓటీపీయే చాలాసార్లు మీ సంతకం. దాన్ని చెప్పడంతో దరఖాస్తు పెట్టడానికీ, మీ క్రెడిట్ నివేదిక తెరిచి చూడటానికీ మీరు అనుమతి ఇచ్చినట్టవుతుంది. అందుకే షరతుల కాగితం మాత్రం అడిగి తీసుకుని, ఇంటికి వచ్చి తీరిగ్గా చదివి, కావాలనిపిస్తే సంస్థ సొంత వెబ్‌సైటు ద్వారా దరఖాస్తు చేయండి. మొదటి బిల్లు మీద ఇచ్చే పది శాతం పోతుందని బాధపడవద్దు. 5,000 బిల్లులో 500 తగ్గితే, మిగిలిన 4,500ను నెలకు 3 శాతం వడ్డీతో నాలుగు నెలలు మోస్తే, వడ్డీ మీద వడ్డీ కలిసి, 565 వడ్డీ అవుతుంది. తగ్గింపు ఇచ్చినవారి గూటికే చేరుకుంటుంది.

కాగితంలో ముందు చూడవలసింది వడ్డీ. "నెలకు 3 శాతం" అన్నది చిన్నగా వినిపించినా, వడ్డీ మీద వడ్డీ కలుపుకుంటే ఏడాదికి 42 శాతం దాటుతుంది. దరఖాస్తులో ఆదాయం ఉన్నదే రాయండి, చిరునామా గుర్తింపు పత్రంలో ఉన్నట్టే రాయండి. చెల్లింపు బీమా (బాకీ కట్టలేని స్థితి వస్తే ఆదుకుంటామని అమ్మేది) వంటివాటి పక్కన ముందే టిక్కు పెట్టి ఉంటే తీసేయండి. వరసగా నాలుగు చోట్ల దరఖాస్తు చేయడం కూడా మంచిది కాదు. ప్రతి దరఖాస్తూ నివేదికలో ఒక విచారణగా నమోదవుతుంది, గుంపుగా కనిపిస్తే డబ్బుకు ఇబ్బంది పడుతున్నారేమోనని అప్పిచ్చేవాళ్ళు అనుమానిస్తారు.

కార్డు వచ్చాక మీరు నేర్చుకోవలసిన తేదీలు రెండు: బిల్లు తయారయ్యే తేదీ, కట్టవలసిన గడువు తేదీ. ఉదాహరణకు ప్రతి నెల 15న బిల్లు తయారై, తరవాతి నెల 5న గడువు ఉందనుకోండి. మార్చి 14న కొన్నది మార్చి 15 బిల్లులో చేరి, ఏప్రిల్ 5కల్లా కట్టవలసి వస్తుంది, అంటే 22 రోజులు. రెండు రోజులు ఆగి మార్చి 16న కొంటే అది ఏప్రిల్ 15 బిల్లులో పడి, మే 5 వరకు, అంటే 50 రోజులు వడ్డీ లేకుండా గడువు దొరుకుతుంది. అయితే ఈ వడ్డీ లేని గడువు, పాత బిల్లు మొత్తం కట్టినవారికే. కొంత మిగిల్చితే చాలా కార్డులలో కొత్తగా కొన్న సరుకు మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డుతో నగదు తీస్తే సాధారణంగా ఒక్క రోజు గడువు కూడా ఉండదు.

బిల్లు మీద "కనీస చెల్లింపు" అని ఒక చిన్న అంకె ఉంటుంది. అది మీకు చేసిన ఉపకారంలా కనిపిస్తుంది. 10,000 బాకీ, నెలకు 3 శాతం వడ్డీ, కనీస చెల్లింపు ఆ నెల బాకీలో 5 శాతం అనుకోండి. మీరు కొత్తగా ఏమీ కొనకుండా, నెల తప్పకుండా ఆ కనీసం మాత్రం కడుతూ పోతే బాకీ సగానికి రావడానికే 32 నెలలు పడుతుంది. కొన్న వస్తువు అప్పటికి ఇంట్లో ఉంటుందో లేదో కూడా చెప్పలేం. అందుకని మొత్తం బిల్లు బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే చెల్లిపోయేలా ఏర్పాటు చేసుకోండి. ఆ ఏర్పాటు చేసేటప్పుడు "కనీసం" అన్నదాన్ని ఎంచుకున్నారో "మొత్తం" అన్నదాన్ని ఎంచుకున్నారో రెండుసార్లు చూసుకోండి.

కొట్టు కార్డులతో వచ్చే ఇంకొక ప్రలోభం "పన్నెండు నెలల్లో కడితే వడ్డీ లేదు" అన్నది. ఈ మాటకు రెండు అర్థాలు ఉండవచ్చు. నిజంగానే వడ్డీ లేకపోవచ్చు. లేదా వడ్డీ మొదటి రోజు నుంచి పక్కన లెక్కపడుతూనే ఉండి, గడువులోగా మొత్తం కట్టినవారికి మాత్రం మాఫీ అయ్యేది కావచ్చు. రెండో రకంలో 12,000 వస్తువుకు నెలకు 1,000 కట్టవలసింది పోయి 950 చొప్పున కట్టారనుకోండి. ఏడాది చివర 600 మాత్రమే మిగులుతుంది. కానీ నెలకు 2 శాతం చొప్పున అంతవరకూ పక్కన పేరుకున్న 1,626 వడ్డీ కూడా ఒక్కసారిగా బిల్లులోకి దిగుతుంది. నెలకు యాభై తగ్గించి కట్టినందుకు పడే భారం ఇది. ఆ పథకం ఏ రకానిదో లిఖితపూర్వకంగా అడగండి.

నేను కూడా ఒకసారి దెబ్బతిన్నాను. ఒక కొట్టు కార్డు మీద వస్తువు కొని, నచ్చక మూడో రోజే తిరిగి ఇచ్చేశాను. డబ్బు కార్డుకే తిరిగి జమ అవుతుందని చెప్పి రసీదు ఇచ్చారు. వస్తువే ఇచ్చేశాక బిల్లు కట్టడమేమిటని గడువు తేదీని పట్టించుకోలేదు. జమ గడువు దాటిన నాలుగో రోజున వచ్చింది. ఈలోగా ఆలస్య రుసుమూ వడ్డీ పడ్డాయి, వచ్చిన పాయింట్లు వెనక్కి పోయాయి. పద్దులు చూసే మనిషిని అయివుండి రసీదును చొక్కా జేబులో పెట్టుకుని ధీమాగా తిరిగాను! వాపసు రాబోతున్నా సరే, వచ్చిన బిల్లును గడువులోగా కట్టండి. తరవాత జమ అయిన సొమ్ము మీ ఖాతాలో మిగులుగా ఉంటుంది, ఎక్కడికీ పోదు.

భద్రత విషయంలో మీకు నాకన్నా ఎక్కువ తెలుసనుకుంటారు, అయినా ఒకటి చెబుతాను. ఫోను చేసినవాడు మీ కార్డులోని మొదటి ఆరు అంకెలు గడగడా చదివి, "చూశారా, మేము బ్యాంకు నుంచే" అంటే నమ్మకండి. ఆ మొదటి అంకెలు జారీ చేసిన సంస్థకు గుర్తు, ఆ రకం కార్డు ఉన్న అందరికీ అవే ఉంటాయి. అతను అంకెలు చెప్పింది మిగతావి మీ నోట చెప్పించడానికి. వెనకవైపు మూడంకెల సీవీవీ, పిన్, ఓటీపీ ఏ ఉద్యోగికీ అవసరం లేదు. కొట్టు కార్డులవాళ్ళకు ఎక్కువగా వచ్చే మోసం సందేశం మరొకటి ఉంది: "మీ పాయింట్లు ఈ రాత్రికి మురిగిపోతున్నాయి, ఈ లింకు నొక్కండి." నిజంగా పాయింట్లు ఉన్నాయో లేదో యాప్‌ను మీరే తెరిచి చూసుకోండి, లింకు జోలికి పోకండి. ప్రతి ఖర్చుకూ సందేశం వచ్చేలా పెట్టుకోండి. ఎరగని ఖర్చు కనిపిస్తే ముందు యాప్‌లో కార్డును ఆపేసి, తరవాత కార్డు వెనక అచ్చువేసిన నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. వెబ్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబర్లలో దొంగలవీ ఉంటాయి. ఫిర్యాదు ఎంత తొందరగా చేస్తే నష్టం మీ మీద పడే అవకాశం అంత తక్కువ. స్నేహితుడు కొనుక్కుంటానంటే మీ కార్డు ఇవ్వవద్దు. బాకీ మీ పేరు మీదే ఉంటుంది, స్నేహం కూడా ఆ బాకీలో పడుతుంది.

ఆ కొట్టుకు వెళ్ళడం మానేసి, ఏటా రుసుము మాత్రం కడుతున్నారనిపిస్తే కార్డు మూయించేయండి. ముందు మిగిలిన పాయింట్లు వాడుకోండి, వాపసు రావలసినవి జమ అయ్యేదాకా ఆగండి, బాకీ సున్నా చేయండి, కార్డు మీద నెలనెలా చెల్లిపోయే చందాలేవైనా ఉంటే వేరే చోటికి మార్చండి. మూసివేత కోరవలసింది బ్యాంకును, కొట్టును కాదు. బాకీ ఏమీ లేదనీ ఖాతా మూసేశామనీ రాతలో తీసుకున్నాక, కార్డును చిప్పు మీదుగా కత్తిరించండి. రెండు నెలల తరవాత మీ క్రెడిట్ నివేదిక తెరిచి, ఆ ఖాతా ఎదురుగా "మూసివేయబడింది" అని పడిందో లేదో చూడండి. పడకపోతే ఆ కాగితం జతచేసి బ్యాంకుకు మళ్ళీ రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య