అమెరికా పాత బంగళాలు: ఆ గోడల్లో ఉన్నది రాయేనా?

పాత భవనాల మరమ్మతు డ్రాయింగులు గీయడం నా పని. 1900 తర్వాత అమెరికా కోటీశ్వరులు ఊళ్లకు దూరంగా కట్టించుకున్న బంగళాల గురించి మనవాళ్లు చెప్పే మాటలు కొన్ని వింటే ఊరుకోలేను.

అపోహ: అవన్నీ రాయీ సున్నం కట్టడాలు, అందుకే చెక్కుచెదరలేదు.

వాస్తవం: మయామీలో విజ్కాయా బంగళా చూడండి. నాలుగొందల ఏళ్ల నాటి ఇటలీ భవంతిలా ఉంటుంది గానీ 1914లో పని మొదలైతే 1916 క్రిస్మస్‌కల్లా యజమాని జేమ్స్ డీరింగ్ అందులో దిగిపోయాడు. సుమారు పదివేల జనాభా ఉన్న ఊళ్లో వెయ్యి మంది పనిచేశారు. లోపల ఆర్‌సీసీ (ఇనప చువ్వలు వేసిన కాంక్రీటు), లిఫ్టులు, టెలిఫోన్ స్విచ్‌బోర్డు, చివరికి ఇల్లంతటికీ కలిపి వ్యాక్యూమ్ క్లీనర్ కూడా. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని ఓహెకా బంగళా కూడా అంతే. న్యూజెర్సీలో ఇల్లు కాలిపోయిన బ్యాంకరు ఓటో కాన్ మళ్లీ ఆ భయం వద్దని స్టీలు, కాంక్రీటుతో కట్టించాడు.

అపోహ: సరే, కాంక్రీటైతే ఇక ఢోకా లేదు.

వాస్తవం: సముద్రం పక్కన అయితే అసలు టెన్షన్ అక్కడే. ఉప్పు మెల్లగా లోపలికి దిగి చువ్వకు తుప్పు పట్టిస్తుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి తోస్తుంది, మనకు కనబడేది మాత్రం వెంట్రుకంత బీట. సుత్తితో మెల్లగా తడతాం. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, డొల్లగా మోగితే పెచ్చు ఊడటానికి సిద్ధంగా ఉన్నట్టు. దాని మీద సిమెంటు మెత్తి రంగేస్తే చాలనుకునేవాళ్లను ఎంతమందిని చూశానో. చువ్వ వెనక దాకా తవ్వి, తుప్పు గీకకపోతే అది మళ్లీ వస్తుంది. విశాఖ బీచ్ రోడ్డు మేడలకూ ఇదే జబ్బు.

అపోహ: అప్పట్లో ఇంత పెద్ద పనులు మగవాళ్లే చేసేవాళ్లు.

వాస్తవం: కాలిఫోర్నియాలో శాన్ సిమియన్ కొండ మీద పత్రికాధిపతి హర్స్ట్ భవంతికి ఆర్కిటెక్ట్ జూలియా మోర్గాన్. బర్క్‌లీలో సివిల్ ఇంజనీరింగ్ చదివారు, 1904లో ఆ రాష్ట్రంలో లైసెన్సు పొందిన తొలి మహిళ. అదే ఏడు మిల్స్ కాలేజీలో ఆవిడ కాంక్రీటుతో కట్టించిన గంట స్తంభం 1906 భూకంపానికి కూడా నిలబడింది. హర్స్ట్ మాత్రం ఎంత కట్టినా తృప్తిపడని మనిషి. 1919లో మొదలైన పని 1947 దాకా సాగింది. ఒక్క నెప్ట్యూన్ కొలనునే మూడు రకాలుగా కట్టించాడు, మూడుసార్లూ డ్రాయింగులు ఆవిడవే.