ఓడించే గేమ్‌లు, విసిగించే గేమ్‌లు: కొన్ని అపోహలు – వాస్తవాలు

పాలకొల్లులో మా ఇంటి మేడమీది గదిలో కూర్చుని, ఇద్దరు మిత్రులతో కలిసి ఫోన్లకూ కంప్యూటర్లకూ గేమ్‌లు తయారుచేయడం నా వృత్తి. అందులో నా వంతు లెవెల్ డిజైన్, అంటే గుంత ఎంత వెడల్పు ఉండాలి, శత్రువు ఎక్కడ నిలబడాలి, ఓడిన ఆటగాడు తిరిగి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అన్నవి నిర్ణయించే పని. ఈ సంగతి తెలిసిన కుర్రాళ్లు పెళ్లిలో కలిసినా, నరసాపురం రైల్లో కలిసినా మొదట అడిగేది ఒక్కటే: "గేమ్‌లు అంత కష్టంగా ఎందుకు పెడతారండీ?" ఆ ప్రశ్నలో కోపం ఉంటుంది. ఆ కోపం చాలాసార్లు న్యాయమైనదే కానీ, అది తగలవలసిన చోట తగలదు. ఆటగాణ్ణి ఓడించడం వేరు, విసిగించడం వేరు. ఒకే గేమ్‌లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఏది దేనివల్ల కలుగుతోందో విడదీసి చూడడం ఆడేవారికీ, తయారుచేసేవారికీ కూడా అవసరం.

అపోహ: నేను సరిగ్గానే నొక్కాను, గేమే మోసం చేసింది.

వాస్తవం: గత వేసవిలో మా అక్క కొడుకు, ఎనిమిదో తరగతి పిల్లవాడు, మేము తయారుచేస్తున్న గేమ్ ఒకటి ఆడుతున్నాడు. అందులో పంట కాలువ మీదికి సగం దాకా వేసిన తాటి దుంగ మీద పరుగెత్తి, దాని చివరి నుంచి అవతలి గట్టు మీదికి దూకాలి. పదకొండుసార్లు నీళ్లలో పడ్డాక వాడు ఫోను పక్కన పెట్టేసి, "నేను నొక్కాను మావయ్యా, అదే ఎగరలేదు" అన్నాడు. నా ఫోనులో సెకనుకు 240 చిత్రాలు తీసే స్లో మోషన్ కెమెరా పెట్టి, వాడి బొటనవేలూ తెరా రెండూ కనిపించేలా మళ్లీ ఆడించాను. బొమ్మ పాదం దుంగ అంచు దాటిన 12 చిత్రాల తర్వాత వాడి వేలు తెరను తాకింది. అంటే సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యం. మా గేమ్ సెకనుకు 60 ఫ్రేములతో, అంటే తెర మీద సెకనుకు 60 సార్లు బొమ్మ మారుతూ, నడుస్తుంది కాబట్టి, సరిగ్గా 3 ఫ్రేములు. వాడు అబద్ధం చెప్పలేదు. నొక్కాలని వాడి మనసు నిర్ణయించిన క్షణానికి బొమ్మ దుంగ మీదే ఉంది.

ఇలాంటి చోట పిల్లవాణ్ణి దిద్దకూడదు, గేమ్‌నే దిద్దాలి. అంచు దాటిన తర్వాత కూడా 6 ఫ్రేముల దాకా ఎగరడానికి అనుమతి ఇచ్చేలా మార్చాను. మా వృత్తిలో దీన్ని కొయోటీ టైమ్ అంటారు. కొండ అంచు దాటిపోయి, గాలిలో కాసేపు నిలబడ్డాక గానీ కింద పడని పాత అమెరికన్ కార్టూన్ జంతువు పేరు మీద వచ్చిన మాట అది. దీనికి తోబుట్టువుల్లాంటి సడలింపులు మరికొన్ని ఉన్నాయి. నేలను తాకడానికి ఒకటి రెండు ఫ్రేముల ముందే ఎగిరే బటన్ నొక్కితే, ఆ నొక్కును గుర్తు పెట్టుకుని నేల తగలగానే ఎగరనివ్వడం ఒకటి. కంటికి కనిపించే ముల్లు కన్నా నిజంగా ప్రాణం తీసే భాగాన్ని చిన్నదిగా పెట్టడం ఇంకొకటి. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే గేమ్ కఠినమైనదిగా ఎంత పేరు తెచ్చుకుందో, ఇలాంటి చిన్న చిన్న దయలతో అంతగా నిండి ఉంటుంది. కాబట్టి బాగా తయారైన కష్టమైన గేమ్ మోసం చేసేమాట నిజమే. అది ఎక్కువగా ఆటగాడి పక్షాన మోసం చేస్తుంది.

ఒక్క మినహాయింపు చెప్పాలి. పెద్ద టీవీకి గేమ్ యంత్రం తగిలించి ఆడేవారు ముందు టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉందేమో చూసి, ఉంటే పెట్టుకోండి. చిత్రానికి మెరుగులు దిద్దే క్రమంలో కొన్ని టీవీలు బొమ్మను ఆలస్యంగా చూపిస్తాయి. ఆ ఆలస్యానికి ఏ డిజైనరూ మందు వేయలేడు.

అపోహ: కష్టమైన గేమ్ ఆడాలంటే మెరుపులాంటి చేతులు ఉండాలి.

వాస్తవం: కన్ను చూసినదానికి వేలు కదలడానికి మామూలు మనిషికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. 60 ఫ్రేముల లెక్కలో ఇది 12 నుంచి 15 ఫ్రేములు. ఇంతకన్నా వేగంగా కొట్టే శత్రువును ఎదుట నిలబెడితే, చూసి తప్పించుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే దెబ్బకు ముందు ఒక సూచన పెడతాం: కత్తి పైకి లేస్తుంది, భుజం వెనక్కి వెళుతుంది, ఒక చప్పుడు వినిపిస్తుంది. 2011 నాటి డార్క్ సోల్స్ అనే గేమ్‌లో అడుగడుగునా ఓడిపోయిన వారు, అదే శత్రువును పదోసారి ఎదుర్కొన్నప్పుడు అవలీలగా గెలవడానికి కారణం వారి చేతులు వేగవంతం కావడం కాదు, ఆ సూచనలు చదవడం నేర్చుకోవడం. ఆ గేమ్ తయారుచేసిన సంస్థే 2022లో తెచ్చిన ఎల్డెన్ రింగ్‌లో మార్గిట్ అనే తొలి పెద్ద శత్రువు కర్ర పైకెత్తి, కొట్టకుండా ఒక్క క్షణం ఆపుతాడు. కర్ర లేవగానే పక్కకు దొర్లినవాడు దొర్లడం పూర్తిచేసి నిలబడేసరికి దెబ్బ వచ్చి తగులుతుంది. ఇక్కడ మెరుపు చేతులవాడే ముందు పడిపోతాడు, ఆగగలిగినవాడు నిలుస్తాడు.

గొట్టాల మధ్య సందుల్లోంచి పక్షిని ఎగిరించే గేమ్, 2013లో వచ్చిన ఫ్లాపీ బర్డ్‌ను కూడా చాలామంది వేగానికి పరీక్ష అనుకున్నారు. నిజానికి అందులో వేగం ఎక్కడా పెరగదు, గొట్టాల మధ్య సందు తగ్గదు. మొదటి గొట్టం ఎంత కష్టమో నూరో గొట్టమూ అంతే. తెర తాకిన ప్రతిసారీ పక్షి ఒకే మోతాదులో పైకి ఎగురుతుంది. కాస్త మెల్లగా నొక్కడం అనేది లేనందువల్ల, ముందు చేసిన చిన్న పొరపాటు సర్దుకునే వ్యవధి లేక తర్వాతి గొట్టానికి మోసుకుపోతాం. దాన్ని రూపొందించిన వియత్నాం యువకుడు డాంగ్ న్గుయెన్ 2014 ఫిబ్రవరిలో తానే దాన్ని ఉపసంహరించుకున్నాడు.

అపోహ: ఓడితే మొదటి నుంచి ఆడించడమే అసలైన కష్టం.

వాస్తవం: ఇది నాణేల కాలం నుంచి వచ్చిన నమ్మకం. మా చిన్నప్పుడు ఊళ్లో వీడియో గేమ్ పార్లర్‌లో రూపాయి బిళ్ళ వేస్తే ఆట మొదలయ్యేది. ఆటగాడు త్వరగా ఓడితేనే ఇంకో బిళ్ళ పడుతుంది కాబట్టి ఆ యంత్రాలను అలాగే తయారుచేశారు. 1985 నాటి గోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్‌లో ఎంతో శ్రమపడి చివరిదాకా వెళ్లినవాడికి, ఇదంతా భ్రమ, అసలు ముగింపు చూడాలంటే మళ్లీ మొదటి నుంచి రావాలి అని చెబుతారు. నాణేల పెట్టె పోయి ఆట ఇళ్లలోకి వచ్చాక కూడా ఆ అలవాటు చాలాకాలం మిగిలిపోయింది.

ఈ ప్రాంతంలో నా వయసువారికి దీన్ని అర్థం చేయించడానికి ప్రాజెక్ట్ ఐజీఐ పేరు చెబితే చాలు. 2000లో వచ్చిన ఆ గేమ్‌లో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. నెట్ సెంటర్‌లో గంటకు డబ్బు కట్టి కూర్చుని, నలభై నిమిషాలు కంచెల చాటున పాకి, చివరి గదిలో తలుపు పక్కనున్న ఒక్క సైనికుడి తూటాకు పోతే ఆ నలభై నిమిషాలూ పోయినట్టే. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. తలుపు పక్కన సైనికుణ్ణి కాల్చడం ఎంత కష్టం అన్నది ఒకటి, గురి తప్పితే ఎంత నష్టం అన్నది రెండోది. ఆ సైనికుణ్ణి కాల్చడం మధ్యరకం కష్టమే. మనల్ని ఏడిపించినది నష్టం.

ఆ రెండింటినీ విడదీస్తే ఏమవుతుందో 2010లో వచ్చిన సూపర్ మీట్ బాయ్ చూపించింది. దాని లెవెళ్లు రంపాలతో నిండి, నిజంగా క్రూరంగా ఉంటాయి. కానీ లెవెల్ చాలా చిన్నది, చచ్చిన మరుక్షణమే మళ్లీ మొదట్లో నిలబడి ఉంటాం. చివరకు లెవెల్ దాటగానే అంతకుముందు మనం చేసిన విఫల ప్రయత్నాలన్నీ ఒకేసారి తెర మీద పరుగెత్తి, ఒక్కొక్కటి ఒక్కో రంపం దగ్గర రాలిపోతూ, చివరికి ఒక్క బొమ్మే గమ్యం చేరడం చూపిస్తారు. నా ఇన్నేళ్ల వృత్తిలో ఓటమిని ఇంత ప్రేమగా ఆటగాడి చేతికి తిరిగి ఇచ్చిన గేమ్ మరొకటి చూడలేదు.

అయితే నష్టమే ఉండకూడదని నేను అనను. డార్క్ సోల్స్‌లో చచ్చిన చోట మనం కూడబెట్టినదంతా పడి ఉంటుంది. అక్కడికి చేరేలోపు మళ్లీ చస్తే అది శాశ్వతంగా పోతుంది. ఆ భయం లేకపోతే ఆ చీకటి దారులకు అర్థమే లేదు. కాకపోతే ఏమి పోతుందో, ఎందుకు పోతుందో ఆటగాడికి ముందే తెలిసి ఉండాలి. తెలియకుండా తీసుకున్నది దొంగతనంలా అనిపిస్తుంది.

అపోహ: శత్రువుల ప్రాణం రెట్టింపు చేస్తే గేమ్ రెట్టింపు కష్టమవుతుంది.

వాస్తవం: రెట్టింపు పొడవవుతుంది, అంతే. ఇరవై దెబ్బలకు పడే శత్రువును ఎలా ఎదుర్కోవాలో తెలిసినవాడికి నలభై దెబ్బల శత్రువు కొత్తగా నేర్పేది ఏమీ ఉండదు. దీనికి భిన్నంగా 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో, వరసలుగా దిగివచ్చే శత్రువుల బొమ్మలను కాల్చిన కొద్దీ మిగిలినవి వేగంగా కదులుతాయి. గీయవలసిన బొమ్మలు తగ్గేకొద్దీ ఆనాటి ప్రాసెసర్ మీద భారం తగ్గడమే ఆ వేగానికి కారణం. రూపకర్త తొమొహిరో నిషికాడో దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచాడు. గెలుపుకు దగ్గరయ్యేకొద్దీ ఆటే మారిపోయింది.

అపోహ: అందరూ దాటిన మిషన్ నేను దాటలేకపోతే లోపం నాలోనే ఉంది.

వాస్తవం: 2002 నాటి వైస్ సిటీ అనే గేమ్‌లో బొమ్మ హెలికాప్టర్‌తో నాలుగు బాంబులు ఒక్కొక్కటిగా మోసుకెళ్లి, కడుతున్న భవనంలో పెట్టే మిషన్ గుర్తుందా? తెలుగునాట ఒక తరం అక్కడే ఆగిపోయింది. దాన్ని కంప్యూటర్ మీద ఆడినప్పుడు, పైకి లేవడం, దిగడం ఎడమచేతి కీలతోనూ, ముందుకు వంగడం, పక్కకు ఒరగడం కుడివైపు నంబర్ ప్యాడ్‌తోనూ చేయాలి. అప్పటిదాకా కారు నడపడానికి అలవాటు పడిన చేతులకు ఆ అమరిక పూర్తిగా కొత్త. అది నేర్చుకునే సమయంలోనే గడియారం కూడా నడుస్తూ ఉంటుంది. భవనంలో దారి కష్టమైనది కాదు, కీబోర్డు మీది దారి కష్టమైనది. గడియారం మొదటి బాంబు ఎత్తిన తర్వాతే మొదలవుతుందనీ, అంతకుముందు ఎంతసేపైనా తిరిగి మెట్లూ అంతస్తులూ చూసుకోవచ్చనీ తెలిసినవారు మాత్రం సులువుగా గట్టెక్కారు. ఆ ఒక్క ముక్క తెర మీద సరిగ్గా చెప్పి ఉంటే సరిపోయేది.

అపోహ: ఫోన్ గేమ్‌లో ఒకే లెవెల్ దగ్గర పది రోజులు ఆగిపోతే ఇంకా సాధన చేయాలి.

వాస్తవం: ఇది రాసేటప్పుడు నాకు బాధ కలుగుతుంది. నేను గతంలో పనిచేసిన ఒక సంస్థలో రంగు బిళ్ళలు జతచేసే గేమ్‌కు లెవెళ్లు తయారుచేసేవాణ్ణి. అందులో ఒక లెవెల్‌ను మరింత బిగించమని చెప్పారు. నాలుగు రంగులున్నచోట ఐదు చేశాను, ఎత్తుల సంఖ్య రెండు తగ్గించాను. రంగు ఒకటి పెరిగితే వాటంతట అవే జతపడి రాలిపోయే వరసలు బాగా తగ్గిపోతాయి. అప్పటినుంచి ఆ లెవెల్ దాటడం నైపుణ్యం చేతిలో కన్నా ఏ బిళ్ళలు పడతాయన్న అదృష్టం చేతిలో ఎక్కువగా ఉండిపోయింది. ఓడగానే ఐదు అదనపు ఎత్తులు కొనుక్కోమనే బటన్ వస్తుంది. అలాంటి చోట సాధన అక్కరకు రాదు. ఎలా ఆడినా, ఓడినప్పుడు "ఇంకోలా ఆడవలసింది" అని ఒక్కసారి కూడా అనిపించకపోతే, అది మీకు పెట్టిన పరీక్ష కాదు, మీ జేబుకు పెట్టిన పరీక్ష. నిశ్చింతగా తీసేయండి.

అపోహ: సులభమైన మోడ్ పెడితే గేమ్ విలువ పడిపోతుంది.

వాస్తవం: చిన్నపిల్లల్ని ఆటలో అరటిపండుగా చేర్చుకోవడం మనకు తెలిసిందే. వాడు పట్టుబడినా ఔట్ కాదు, వాడు ముట్టుకున్నా ఎవరూ ఔట్ కారు. కాసేపటికి ఆ సంగతి వాడికీ తెలిసిపోయి ఏడుస్తాడు. చాలా గేమ్‌ల సులభ మోడ్‌లో తప్పు ఇదే: ఆటగాణ్ణి అరటిపండును చేస్తాయి. సెలెస్ట్‌లో సహాయక మోడ్ అలా ఉండదు. ఆట వేగం తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా చేసుకోవచ్చు, కావాలంటే చావే లేకుండా చేసుకోవచ్చు, దేన్ని ఎంత మార్చాలో ఆడేవారే ఎంచుకుంటారు. వేళ్లు సరిగా వంగని పెద్దవారికి వేగం కొంత తగ్గిస్తే, వారికి కలిగే కష్టం ఇరవై ఏళ్ల కుర్రాడికి పూర్తి వేగంలో కలిగే కష్టంతో సమానంగా ఉంటుంది. పక్కవాడి ఆట అందువల్ల ఇసుమంత కూడా మారదు.

అపోహ: తన గేమ్ ఎంత కష్టమో తయారుచేసినవాడికి తెలుసు.

వాస్తవం: అందరికన్నా తక్కువ తెలిసేది అతనికే. గుంత ఎక్కడుందో తెలిసినవాడికి అది గుంతలా కనిపించదు. 1986లో గ్రేడియస్ గేమ్‌ను ఇళ్లలో ఆడే యంత్రానికి మార్చే పనిలో ఉన్న కజుహిసా హషిమొటో, పరీక్షించడానికి కూడా అది మరీ కష్టంగా ఉందని, పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బి ఎ అనే రహస్య బటన్ల వరసను, నొక్కితే ఆటలో తన బలం ఒక్కసారిగా పెరిగేలా, తనకోసం పెట్టుకున్నాడు. అది విడుదలైన గేమ్‌లోనూ ఉండిపోయింది. తర్వాత కాంట్రా అనే గేమ్‌లో అదే వరస నొక్కినవారికి 3 బదులు 30 ప్రాణాలు వచ్చాయి. తన గేమ్ తనకే కష్టమని ఒప్పుకున్న అతని నిజాయితీ నాకు ఎంతో ఇష్టం. ఎందుకంటే మామూలుగా జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. వెయ్యిసార్లు ఆడిన లెవెల్ మాకు చప్పగా అనిపించి, ఇంకో రెండు ముళ్లు చేరుస్తాం.

దీనికి విరుగుడు కొత్తవారి చేత ఆడించి, నోరు మెదపకుండా పక్కన కూర్చోవడం. ఓడిన ప్రతిసారీ "ఎందుకు పోయింది?" అని మాత్రం అడుగుతాను. "తొందరపడ్డాను" అంటే ఆ చోటును ముట్టుకోను. "ఏమో" అంటే నోటు పుస్తకంలో రాసుకుంటాను. చిక్కు ఏమిటంటే, ఒక మనిషి ఒక గేమ్‌కు ఒక్కసారే కొత్తవాడు. తాటి దుంగ లెవెల్‌కు మా మేనల్లుడు ఇక పనికిరాడు, వాడు ఇప్పుడు కళ్లు మూసుకుని దూకుతాడు. మా వీధిలో ఇంకా ఆ గేమ్ చూడనివారు ఐదుగురే మిగిలారు. వచ్చే ఆదివారం సఖినేటిపల్లి నుంచి మా పిన్ని, ఆమె కోడలు పంటు మీద గోదావరి దాటి వస్తున్నారు. ఇద్దరూ ఇంతవరకు ఏ గేమూ ఆడలేదు. వాళ్లకు ఆ లెవెల్ ముందుగా చూపించవద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.