యూఎన్ శాంతిసేనలో ఉద్యోగమని ఏజెంటుకు పైసలు కట్టే ముందు ఇది చదవండి

పోయిన వారం పరకాల వైపు నుంచి ఒక పెద్దాయన మా ఇంటికొచ్చి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. పైన ఆలివ్ కొమ్మల గుర్తు, కింద గుండ్రటి ముద్ర, మధ్యలో కొడుకు పేరు. "యూఎన్ శాంతిసేనల సెలెక్ట్ అయిండట సార్, మెడికల్‌కు ఇంకో అరవై వేలు కట్టమంటున్నరు, మీరు పోయొచ్చినోళ్లు గదా, ఒక్కసారి చూడుండ్రి" అన్నాడు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన పైసల్లోంచి అప్పటికే నలభై వేలు కట్టేశాడు. ఈ ఏడాది నా దగ్గరికి వచ్చిన నాలుగో కాగితం ఇది.

అపోహ: పైసలు కడితే యూఎన్ ఆర్మీలో చేరొచ్చు.

వాస్తవం: యూఎన్‌కు సొంత ఆర్మీయే లేదు. యూఎన్ భద్రతా మండలి మిషన్ పెడుతుంది, దేశాలు తమ బలగాలను పంపుతాయి, అంతే. మన దగ్గర్నుంచి వెళ్లేది సర్వీసులో ఉన్న జవాన్లు. 2010లో నేను కాంగో వెళ్లిందీ అలాగే: మా బెటాలియన్‌కు ఆర్డర్ వచ్చింది, ట్రైనింగ్ అయింది, ఎల్లో ఫీవర్ టీకా వేశారు, విమానం ఎక్కించారు, నా జేబులోంచి ఒక్క రూపాయి పోలేదు. పోలీసులుగా వెళ్లాలన్నా ముందు ఇక్కడ పోలీసు ఉద్యోగంలో ఉండాలి. సివిలియన్ పోస్టులు ఉన్న మాట నిజమే, కానీ వాటికి యూఎన్ వెబ్‌సైట్‌లో మనమే అప్లై చేసుకోవాలి. అప్లికేషన్, ఇంటర్వ్యూ, ట్రైనింగ్, ఏ దశలోనూ యూఎన్ ఫీజు తీసుకోదు. ఫీజు అడిగాడంటే వాడు దొంగ. ఇందులో ఇంకో మాట లేదు.

పెద్దాయన తెచ్చిన లెటర్ జెనీవా నుంచి వచ్చినట్టు ఉంది. శాంతిసేన విభాగం ఉండేది న్యూయార్క్‌లో. పైసలు వేసిన ఖాతా చూస్తే ఎవరో మనిషి పేరు మీద ఉంది. సుబేదారి గ్రౌండ్‌లో పొద్దున్నే చూస్తుంటాను, కానిస్టేబుల్ సెలెక్షన్ కోసం పెట్టే పదహారు వందల మీటర్ల పరుగులో రెండు మూడు సెకన్ల తేడాతో రెండుసార్లు పోయిన పిల్లలు ఎంత కుమిలిపోతారో. వాళ్లనే వెతికి పట్టుకుంటారు ఈ దొంగ ఏజెంట్లు. ఆశపడ్డందుకు ఆ తండ్రిని నేను తప్పు పట్టను. ఫోన్‌లో కట్టిన డబ్బు కాబట్టి అక్కడే కూర్చోబెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయించాను. మీరూ ఇప్పటికే కట్టి ఉంటే పరువు పోతుందని ఆగకండి, ఆ నంబర్‌కు ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఫేస్‌బుక్‌లో "సిరియాలో యూఎన్ డాక్టర్‌ని, సెలవు ఇప్పించడానికి ఫీజు కట్టు" అనేవాళ్లూ ఇదే బాపతు. మిషన్‌లో సెలవుకు ఎవరూ ఫీజు కట్టరు.

ఇక మిగతా అపోహలు. యూఎన్ ఒక్కో జవానుకు లక్షలు ఇస్తుందంటారు. యూఎన్ నెలకు మనిషికి ఇంత అని లెక్కగట్టి ఇచ్చేది ప్రభుత్వానికి. జవానుకు జీతం, అలవెన్స్ ఇచ్చేది మన ప్రభుత్వమే.

శాంతిసేన అంటే తుపాకీ పట్టుకుని ఊరికే నిలబడటం అంటారు, ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. 1961లో అదే కాంగోలో కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందారు. ఇప్పటిదాకా మన వాళ్లు 2 లక్షల 75 వేల మందికి పైగా వెళ్తే, 170 మందికి పైగా తిరిగి రాలేదు. ఆడవాళ్లు వెళ్లరనేది ఇంకొకటి. మొత్తం మహిళలతోనే ఉన్న మొదటి యూఎన్ పోలీసు దళం 2007లో లైబీరియాకు వెళ్లింది, అది మనదే.

కాంగోలోని గోమాలో మా పని ఏంటంటే, నిరాశ్రయుల శిబిరంలోని ఆడవాళ్లు కట్టెలకు అడవికి వెళ్లే వేళకు పెట్రోలింగ్ పెట్టుకోవడం. నల్లటి లావా రాళ్ల దారి, బూట్లు నెలలోనే అరిగేవి. ఒక ముసలామె రోజూ మోపు దించాక మా బండి వైపు చూసి తల ఊపి వెళ్లేది. మేం రాని రోజున వాళ్లు కట్టెలకు వెళ్లేవాళ్లు కాదని తర్వాత తెలిసింది.

అప్పట్లో టీవీలో కాంగో అని వస్తే చాలు, కాజీపేటలో మా అమ్మకు ముద్ద దిగేది కాదు. ఇప్పుడు పిల్లలు అక్కడున్న ఇళ్లకు నేను చెప్పేది: అది 23 లక్షల చదరపు కిలోమీటర్ల దేశం, ఒక మూల కాల్పులైతే మీవాడు అక్కడే ఉన్నాడని కాదు. ఏదైనా జరిగితే ముందు యూనిట్ నుంచే ఫోన్ వస్తుంది. వాట్సాప్ వీడియోలు చూసి టెన్షన్ పడకండమ్మా.

పెద్దాయన కొడుక్కి కానిస్టేబుల్ పోస్టుకు వయసు ఇంకా ఉంది. రేపు పొద్దున ఐదింటికి గ్రౌండ్‌కు రమ్మన్నాను.