ఒక నాళం రెండయ్యే చోట

4 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రక్తనాళం ఒకచోట సమానంగా రెండు పాయలుగా చీలిందనుకుందాం. ఒక్కో పాయ ఎంత లావుండాలి? నాలుగులో సగం రెండు కదా అనిపిస్తుంది. అలా ఉంటే మాత్రం గుండెకు చాకిరీ తప్పదు. సన్నటి గొట్టంలో ద్రవం ఎలా పారుతుందో ఫ్రెంచ్ వైద్యుడు ప్వాజోయ్ 19వ శతాబ్దం మొదటి సగంలోనే కొలిచి చూశాడు. ఒత్తిడి మారకపోతే ప్రవాహం గొట్టం వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అంటే వెడల్పు సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. మన లెక్కలో ఒక్కో పాయ మోసేది సగం రక్తమే అయినా, దాన్ని అంతే దూరం నెట్టడానికి 8 రెట్ల ఒత్తిడి కావాలి.

పోనీ, రెండు పాయల అడ్డకోత వైశాల్యాలు కలిపితే తల్లి నాళంతో సమానమయ్యేలా పెడదాం. ఒక్కోటి 2.83 మిల్లీమీటర్లు వస్తుంది. సబబుగానే కనిపిస్తుంది, అయినా ఒత్తిడి రెట్టింపు కావాల్సిందే. సరైన జవాబు దాదాపు 3.17 అని 1926లో లెక్క తేల్చినవాడు సెసిల్ ముర్రే, అమెరికాలోని బ్రిన్ మార్ కాలేజీలో పనిచేసిన శాస్త్రవేత్త.

ముర్రే వాదనలో ఉన్నవి రెండే ఖర్చులు. ఒకటి రక్తాన్ని నెట్టే ఖర్చు. నాళం వెడల్పయ్యే కొద్దీ అది గబగబా తగ్గుతుంది. రెండోది రక్తాన్ని పోషించే ఖర్చు. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, ఎముక మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాలు తయారు చేస్తూనే ఉండాలి. నాళం వెడల్పయితే అందులో నింపాల్సిన రక్తమూ ఎక్కువే. ఒక ఖర్చు తగ్గుతుంటే ఇంకోటి పెరుగుతుంది, మొత్తం కనిష్ఠంగా ఉండే చోటు మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఇంటర్ చదివిన వాళ్లెవరైనా అవకలనం చేసి చూసుకోవచ్చు. ఆ చోట పోషణ ఖర్చు నెట్టే ఖర్చుకు సరిగ్గా రెట్టింపు ఉంటుంది, ప్రవాహం వ్యాసార్ధం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. చీలిక దగ్గర వచ్చిన రక్తమంతా పోవాలి కాబట్టి, తల్లి నాళం వ్యాసార్ధం ఘనం పిల్ల నాళాల ఘనాల మొత్తానికి సమానం కావాలి. పాయల మధ్య కోణం కూడా ఈ లెక్కలోంచే పడుతుంది: సమానమైన పాయలైతే సుమారు 75 డిగ్రీలు, లావుపాటి నాళం నుంచి బాగా సన్నటి పాయ విడిపోతే దాదాపు లంబకోణం.

3.17 తీసుకుంటే రెండు పాయల వైశాల్యం కలిపి తల్లి కంటే 26 శాతం ఎక్కువ. కాబట్టి ప్రతి చీలిక దగ్గరా రక్తం వేగం ఐదో వంతు తగ్గుతుంది. పది చీలికలు దాటేసరికి పదో వంతే మిగులుతుంది. కేశనాళికల్లో రక్తం సెకనుకు మిల్లీమీటరు లోపే కదులుతుంది, ఆక్సిజన్ చేతులు మారడానికి ఆ తీరిక కావాలి మరి.

ఇదంతా బాగానే ఉంది, కానీ నాళానికి ఘనాలూ ఘాతాలూ ఎవరు నేర్పారు? నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఈ ప్రశ్నకు దొరికిన జవాబే. ప్రవాహాన్ని వ్యాసార్ధం ఘనంతో భాగిస్తే వచ్చేది, ఒక స్థిరాంకం తేడాతో, పారే రక్తానికీ గోడకూ మధ్య ఒరిపిడి. ముర్రే సూత్రం చెప్పేదాన్ని తిప్పి చెబితే అన్ని నాళాల గోడల మీదా ఒరిపిడి ఒకేలా ఉండాలని అర్థం. గోడ లోపలి పొర కణాలకు కొలవగలిగింది సరిగ్గా అదే. ఒరిపిడి పెరిగితే అవి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి, నాళం సడలి వెడల్పవుతుంది. 1980లో జపాన్ పరిశోధకులు కామియా, తొగావా కుక్కల మెడ ధమనిలో ప్రవాహాన్ని పెంచి నెలల తరబడి గమనించారు. నాళం క్రమంగా లావెక్కి, ఒరిపిడిని మళ్లీ పాత స్థాయికి తెచ్చుకుంది. లెక్క ఎవరూ చేయరు, ప్రతి గోడా తన మీది ఒరిపిడిని సరిచూసుకుంటే లెక్క దానంతటదే కుదురుతుంది.

ఇదే సమీకరణంలో ఘాతం మారిస్తే వేరే ప్రపంచాలు కనిపిస్తాయి. చెట్టు కొమ్మలన్నిటి మందం కలిపితే మాను మందమవుతుందని లియొనార్డో డా విన్చీ రాసుకున్నాడు, అంటే కొమ్మల అడ్డకోత వైశాల్యాలు కలిపితే మాను వైశాల్యం, ఘాతం 2. గాలి దెబ్బకు ఏ కొమ్మా మరోదాని కంటే ముందు విరగకుండా ఉండాలంటే ఇంచుమించు ఇలాగే ఉండాలని 2011లో క్రిస్టోఫ్ ఎలోయ్ చూపించాడు. చెట్టు లోపల నీళ్లు మోసే గొట్టాలు మాత్రం, మొక్క బరువు మోసే పని తమ మీద లేనప్పుడు, ముర్రే ఘనాల దారిలోనే నడుస్తాయని 2003లో తేలింది. గుండెకు దగ్గరి పెద్ద ధమనుల్లో ఘాతం మళ్లీ 2 వైపు జరుగుతుంది. అక్కడ రక్తం నిలకడగా పారదు, అలలుగా వస్తుంది. వైశాల్యం ఒక్కసారిగా మారితే అల వెనక్కి కొట్టి గుండె మీద పడుతుంది.

నరకణం కొమ్మలకు ఘాతం ఒకటిన్నర. అమెరికా శాస్త్రవేత్త విల్‌ఫ్రిడ్ రాల్ 1950ల చివర్లో దీన్ని రాబట్టాడు. కొమ్మ పొడవునా విద్యుత్తు పారే సౌలభ్యం వ్యాసం వర్గాన్ని బట్టి, పొరలోంచి కారిపోయేది చుట్టుకొలతను బట్టి, అంటే వ్యాసాన్ని బట్టి ఉంటుంది. రెండిటినీ గుణించి వర్గమూలం తీస్తే ఒకటిన్నర ఘాతం. ఈ నియమం పాటిస్తూ, కొమ్మలు విద్యుత్ లెక్కల్లో సమాన దూరానికే ముగిస్తే, గుబురైన కొమ్మల వ్యవస్థ మొత్తాన్నీ ఒకే ఒక్క స్తంభంగా మార్చి లెక్కించవచ్చు. కంప్యూటర్లు అరుదైన ఆ రోజుల్లో అదెంత ఊరటో ఊహించుకోండి. వెన్నుపాములోని మోటార్ న్యూరాన్లు, అంటే కండరాలను కదిలించే నరకణాలు, దీనికి కొంత దగ్గరగా ఉంటాయి, మిగతావి చాలా వరకు ఉండవు. నియమం ఉపయోగం దానివల్ల తగ్గలేదు.

మెడలో, గొంతుముడి ఎత్తున, మెదడుకూ ముఖానికీ రక్తం వెళ్లే ధమని చీలే చోట కొవ్వు పేరుకోవడం డాక్టర్లకు కొత్త కాదు. ఒరిపిడి ఎక్కువైన చోట గోడ దెబ్బతింటుందని అనుకునే కాలంలో, 1969లో కోలిన్ కారో బృందం దానికి పూర్తి విరుద్ధంగా చెప్పింది: ఒరిపిడి తక్కువైన చోటే పూడిక చేరుతుందని. తర్వాతి కొలతలు వాళ్ల వైపే మొగ్గాయి. చీలిక మొనకు రక్తం నేరుగా తగులుతుంది, అక్కడ గోడ చాలావరకు శుభ్రం. ఎదురుగా బయటి గోడ దగ్గర ప్రవాహం మందగించి, ప్రతి గుండె చప్పుడుకూ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. కాలువ వంపులో ఒండ్రు చేరినట్టు అనిపిస్తుంది గానీ, పోలిక అక్కడితో ఆగాలి. ఇక్కడ ఏదీ బరువుకు కిందికి దిగదు, ఊగిసలాడే ఒరిపిడికి గోడ కణాల స్వభావమే మారిపోతుంది.

చివరికి కేశనాళికల స్థాయిలో ఈ లెక్కలన్నీ ఒక చిక్కులో పడతాయి. అక్కడ రక్తం ఒకే ద్రవం కాదు, ప్లాస్మాలో, అంటే కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో, వరసగా నడిచే కణాలు. 8 మైక్రాన్ల ఎర్రకణం దాదాపు అంతే ఉన్న చీలిక దగ్గరికి వస్తే, వేగం ఎక్కువున్న పాయ వైపే లాగబడుతుంది. రెండు పాయల వేగాల తేడా బాగా పెరిగితే కణాలన్నీ ఒకవైపే పోయి, రెండో దాంట్లో వట్టి ప్లాస్మా పారుతుంది. అందుకే సూక్ష్మనాళాల నమూనాలు కట్టేవాళ్లు, ద్రవం లెక్కతో పాటు కణాల పంపకానికి విడిగా ఒక సమీకరణం పెట్టుకుంటారు. ఎలుక పేగుపొరలోని చీలికలను సూక్ష్మదర్శిని కింద కొలిచి, బెర్లిన్‌లో ఆక్సెల్ ప్రీస్ బృందం రాబట్టిన సూత్రమే ఇప్పటికీ అందుకు ఎక్కువగా వాడుతున్నారు. ఈ గుణాన్నే పనికి పెట్టి, గిరగిరా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం లేకుండా రక్తం బొట్టులోంచి ప్లాస్మాను వేరు చేసే చిప్‌లు తయారయ్యాయి. వాటి లోపల ఉండేది వెంట్రుకంత సన్నటి కాలువలూ, వాటి పక్కనుంచి మెల్లగా పారే ఇంకా సన్నటి పాయలూ.