తలుపు తీయాలా వద్దా

1990ల్లో బెంగళూరు వీధుల్లో చాలామంది తలుపుల మీద ‘నాళె బా’ అని రాసుకునేవాళ్లు. గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ చూసిన మన ఊళ్లవాళ్లకు ఆ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. దయ్యం రాత్రిపూట తలుపు కొట్టి అమ్మ గొంతుతోనో, ఇంట్లో ఇంకెవరి గొంతుతోనో పిలుస్తుంది, మనవాళ్లే కదా అని తీశామో అంతే. ఆ రాత ఆపదను పోగొట్టదు, రేపటికి వాయిదా వేస్తుంది. కుటుంబ రహస్యం మీద ఇరవై నిమిషాల హారర్ షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునేవాళ్లకు కావలసినవి రెండూ ఇందులోనే ఉన్నాయి: మనవాళ్ల గొంతు, ఎటూ తేలని ప్రమాదం.

తేలకపోవడం మనిషిని ఎంత పీడిస్తుందో 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు కొలిచి చూశారు. 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి, ఉంటే చేతికి చురుక్కుమని కరెంటు షాక్ తగులుతుంది. ఏ రాయి కింద పాము ఉండే అవకాశం ఎంతో ఆట సాగేకొద్దీ మారుతుంటుంది. చెమట, కంటిపాప వెడల్పు చూస్తే, టెన్షన్ బాగా పెరిగింది షాక్ ఖాయమని తెలిసినప్పుడు కాదు, ఉండొచ్చు లేకపోవచ్చు అని సగం సగంగా అనిపించినప్పుడు!

ఒక కథ అనుకుందాం. బెంగళూరు మారతహళ్లిలో ఫ్లాటు, అనంతపురం నుంచి అత్తయ్యను తెచ్చుకున్న కొడుకూ కోడలూ. చీకటి పడ్డాక ఎవరు బెల్లు కొట్టినా ఆవిడ తలుపు తీయనివ్వదు. “ఎందుకత్తయ్యా?” అంటే మాట మార్చేస్తుంది. చనిపోయిన ఆడపడుచు దయ్యమై వచ్చిందని మొదట్లోనే చెప్పేస్తే మన భయం సగం తగ్గిపోతుంది. ఆ పిల్ల తనంతట తను పోయిందా, ఇంట్లోవాళ్లే ఏదైనా చేశారా అన్నది ఎటూ మొగ్గకుండా నిలబెట్టగలిగితే చూసేవాళ్లు కదలరు.

నిజంగానే చుట్టూ ఏముందో పట్టదు. 2015లో అమెరికాలో జార్జియా టెక్ పరిశోధకులు కొంతమందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి సస్పెన్స్ సీన్లు చూపించారు, తెర అంచుల్లో గళ్లు మినుకుమినుకుమనేలా పెట్టారు. ఉత్కంఠ పెరిగినప్పుడు మెదడు ఆ అంచులను పట్టించుకోవడం తగ్గిపోయి చూపంతా కథ మీదికి చేరింది. దడేల్మనే శబ్దంతో భయపెట్టడం నాకు నచ్చనిది ఇందుకే. ఉలిక్కిపాటు మెదడు కాండంలో పుట్టే ప్రతిచర్య, కథ ఉన్నా లేకపోయినా వస్తుంది, అది దర్శకుడు సంపాదించుకున్న భయం కాదు.

రహస్యం దాచేవాళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం, మన సినిమాల్లో ఎక్కువగా తప్పుగా చూపించేదీ అదే. కొలంబియా యూనివర్సిటీలో మైకేల్ స్లెపియన్ బృందం 2017లో వెల్లడించిన అధ్యయనాల ప్రకారం ఒక మనిషి దగ్గర సగటున 13 రకాల రహస్యాలుంటాయి, వాటిలో 5 ఎవరికీ చెప్పనివి. ఎదుటివాళ్లు అడిగినప్పుడు దాచాల్సి వచ్చే సందర్భాలు తక్కువే, ఎవరూ అడగకుండానే మనసు పదేపదే దాని దగ్గరికి పోవడం చాలా ఎక్కువ, మనశ్శాంతి పోయేదీ ఎక్కువగా దానివల్లేనని వాళ్లకు తేలింది.

మనవాళ్లు తీసే సీన్లలో మాత్రం కోడలు నిలదీస్తుంది, అత్తయ్య తడబడుతుంది, వెనక వయొలిన్. కానీ అత్తయ్య నిజంగా నలిగేది మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, గోంగూర ఒలుస్తూ ఒలుస్తూ ఆగిపోయినప్పుడు. ఏ ప్రశ్నా లేని ఆ నిమిషాన్ని కథ మొదట్లోనే కత్తిరించకుండా చూపిస్తే, చివర్లో ఆడపడుచు గొంతుతో ఎవరో “అమ్మా” అని పిలిచినప్పుడు ఆవిడ గొళ్లెం దాకా ఎందుకు నడిచిందో మాటల్లో చెప్పించాల్సిన పని ఉండదు.